ఒకటే గొడుగు... పొరపాటుకు చోటు లేదు

వంతెన కట్టేది ఏటిని దాటడానికి. కానీ అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఒక వంతెన మీదికి ఏటా ఒక్క రోజు జనం దూకడానికి వస్తారు! ఒకరిద్దరు కాదు, వందల మంది. వాళ్లు దూకుతుంటే చూడటానికి మరెన్నో వేల మంది. దారి పొడవునా తినుబండారాల దుకాణాలు, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులు, అటూ ఇటూ తోసుకునే కుర్రకారు. చూస్తే మన ఊరి తిరునాళ్లే గుర్తుకొస్తాయి.

న్యూ రివర్ గార్జ్ వంతెన అని దాని పేరు. ఫేయెట్‌విల్ అనే చిన్న పట్నం పక్కన, లోతైన లోయ మీద ఉక్కు కమానుతో కట్టారు. 1977 అక్టోబరు 22న ప్రారంభించారు. పొడవు 3,030 అడుగులు, ఏటి నుంచి ఎత్తు 876 అడుగులు. మన నాగార్జునసాగర్ డ్యాం వంటివి రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఈ వంతెనకు అందవు. అంతకు ముందు లోయలోకి దిగి అవతలి గట్టుకు ఎక్కాలంటే వంకర టింకర దారిలో ముప్పావు గంట పట్టేది. వంతెన వచ్చాక ఒక్క నిమిషం పని అయింది.

ఆ సంబరంలోనే 1980లో 'బ్రిడ్జ్ డే' మొదలైంది. అక్టోబరు మూడో శనివారం వంతెన మీద వాహనాలు ఆపేసి జనాన్ని నడవనిస్తారు. మొదటి ఏడాదే పారాచూట్లు కట్టుకున్న కొందరు అక్కడి నుంచి దూకారు. అది ఆనవాయితీ అయింది. కోవిడ్ వల్ల 2020, 2021 సంవత్సరాల్లో రద్దయినా ఆ తర్వాత మళ్లీ సాగింది.

చూసేవారికి ఇది వినోదం. దూకేవారికి మాత్రం ఎనిమిది సెకన్ల బతుకు. పారాచూట్ తెరుచుకోకపోతే వంతెన అంచు నుంచి ఏటి నీటికి పట్టే కాలం ఇంచుమించు అంతే. ఈ ఎనిమిది సెకన్లను దాటడానికి వాళ్లు నెలల తరబడి ఏం చేస్తారో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాలుగు అక్షరాల ఆట

విమానం నుంచి పారాచూట్‌తో దూకడం మనకు తెలిసిన విషయమే. సైనికులు దూకుతారు, వైమానిక ప్రదర్శనల్లో చూస్తాం. ఇది వేరు. ఇక్కడ విమానం ఉండదు. కదలకుండా నిలబడి ఉన్న దాని మీద నుంచే దూకాలి. అటువంటివి నాలుగు రకాలు: భవనం, యాంటెనా టవరు, వంతెన, కొండచరియ. ఇంగ్లీషులో ఈ నాలుగింటి పేర్ల మొదటి అక్షరాలు కలిపితే 'బేస్' అయింది. నాలుగింటి నుంచీ కనీసం ఒక్కొక్కసారి దూకినవారికి ఒక వరుస సంఖ్య ఇస్తారు. 1981 జనవరిలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఒక భవనం మీద నుంచి దూకి ఫిల్ స్మిత్, ఫిల్ మేఫీల్డ్ 1, 2 సంఖ్యలు పొందారు. జీన్ బీనిష్‌కు 3, ఆమె భర్త కార్ల్ బీనిష్‌కు 4 దక్కాయి.

ఆటకు పేరు అప్పుడు వచ్చింది గాని కోరిక పాతదే. 1912 ఫిబ్రవరి 4న పారిస్‌లో ఫ్రాంజ్ రైషెల్ట్ అనే దర్జీ తాను స్వయంగా కుట్టిన పారాచూట్ అంగీ తొడుక్కుని ఈఫిల్ టవరు మొదటి అంతస్తు నుంచి దూకాడు. అంగీ తెరుచుకోలేదు. కెమెరాల ఎదుటే ప్రాణం పోయింది. 1966 జులై 24న కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో మైకేల్ పెల్కీ, బ్రయన్ షూబర్ట్ అనే ఇద్దరు మిత్రులు 'ఎల్ కాపిటాన్' అనే మూడు వేల అడుగుల రాతికొండ మీద నుంచి దూకారు. ఆ రోజుల్లో ఉన్నవి గుండ్రటి పారాచూట్లు. గాలి ఎటు తోస్తే అటు పోతాయి. గాలి వాళ్లను కొండకేసి కొట్టింది. ఇద్దరికీ కాళ్ల ఎముకలు విరిగాయి. ప్రాణాలతో బయటపడ్డారు. ఈ షూబర్ట్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పన్నెండేళ్లకు పరిస్థితి మారింది. దీర్ఘచతురస్రాకారంలో, గాలి నిండితే పరుపులా ఉబ్బి ముందుకు ఎగిరే కొత్త రకం పారాచూట్లు వచ్చాయి. వాటిని కావలసిన వైపు తిప్పుకోవచ్చు. 1978 ఆగస్టు 18న నలుగురు వాటితో అదే కొండ మీద నుంచి దూకి క్షేమంగా దిగారు. ఆ దృశ్యాన్ని ఫిల్ము తీసినవాడు కార్ల్ బీనిష్. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు ఉద్యోగం వదులుకుని కెమెరా పట్టిన మనిషి. ఆ ఫిల్ము చూసే దేశదేశాల కుర్రవాళ్లు కొండల వైపు కదిలారు.

1984 జులైలో బీనిష్ దంపతులు నార్వేలోని ట్రోల్‌వెగెన్ కొండ మీద నుంచి టెలివిజన్ కోసం దూకి రికార్డు నెలకొల్పారు. అది జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే, జులై 7న, పక్కనున్న మరో శిఖరం నుంచి దూకి కార్ల్ మరణించాడు. కొద్ది రోజులకే జీన్ అదే చోటి నుంచి దూకి క్షేమంగా దిగింది. 1986లో ట్రోల్‌వెగెన్ నుంచి దూకడాన్ని నార్వే నిషేధించింది.

సంచిలో ఏముంటుంది?

విమానం నుంచి దూకేవారి వీపు మీద రెండు పారాచూట్లు ఉంటాయి. మొదటిది మొరాయిస్తే రెండోది. మనిషి స్పృహ తప్పినా ఒక ఎత్తుకు రాగానే రెండోదాన్ని తనంతట తానే తెరిచే పరికరం కూడా ఉంటుంది. వాళ్లు దాదాపు 13,000 అడుగుల ఎత్తున దూకుతారు. ఇంచుమించు నిమిషం సేపు రాయిలా పడి, మూడు వేల అడుగుల దగ్గర గొడుగు విప్పుతారు. ఏదైనా తేడా వస్తే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది.

బేస్ సంచిలో ఒకటే గొడుగు. రెండోది మోయలేక కాదు, మోసినా ఉపయోగం లేక. మొదటిది చెడిందని గ్రహించి, దాన్ని వదిలించుకుని, రెండోది విప్పేలోగా నేల వచ్చేస్తుంది. అందుకే ఉన్న ఒక్కదాన్నే తప్పకుండా, తిన్నగా, త్వరగా తెరుచుకునేలా తయారు చేస్తారు. సాధారణంగా ఏడు గదులుంటాయి. వేగం కన్నా నిదానానికి పేరుపడిన పెద్ద గొడుగు. గాలి త్వరగా నిండడానికి కొన్నింటికి అడుగు పొరలోనూ కన్నాలు పెడతారు.

ఈ పెద్ద గొడుగును బయటికి లాగేది 'పైలట్ చూట్' అనే బుల్లి గొడుగు. తక్కువ ఎత్తు నుంచి దూకేటప్పుడు దాన్ని మడిచి చేతిలోనే పట్టుకుంటారు. దూకాక గాలిలోకి విసిరితే అది విచ్చుకుని, తనకు కట్టిన పొడవాటి పట్టీని గుంజుతుంది. పట్టీ సంచి మూతకున్న పిన్నులను ఊడబెరికి లోపలి గొడుగును ఈడ్చి బయట వేస్తుంది. ఇక్కడో చిత్రం ఉంది. ఎత్తు తక్కువైన కొద్దీ బుల్లి గొడుగు పెద్దది కావాలి. తక్కువ ఎత్తులో మనిషికి వేగం రాదు. వేగం లేకపోతే గాలి గుంజుడు చాలదు. అందుకని ఎత్తయిన కొండకు మూడడుగుల లోపుది సరిపోతే, తక్కువ ఎత్తుకు నాలుగడుగుల దాకా వాడతారు.

'స్లయిడర్' అనేది ఇంకొకటి. నాలుగు మూలలా కడియాలున్న చిన్న గుడ్డముక్క. తాళ్లన్నీ ఆ కడియాల గుండా పోతాయి. గొడుగు విచ్చుకునేటప్పుడు ఇది గాలికి అడ్డుపడుతూ నెమ్మదిగా కిందికి జారుతుంది. వేగంగా పడుతున్న మనిషికి ఒక్కసారిగా కుదుపు తగిలి నడుము విరగకుండా కాపాడుతుంది. కానీ తక్కువ ఎత్తులో ఆ నెమ్మదే ప్రాణాంతకం. కనుక అక్కడ దాన్ని తీసేస్తారు. తీసేస్తే తాళ్లు చిందరవందరై ఒక తాడు గొడుగు మీదికి పోయే ప్రమాదం ఉంటుంది. దానికి విరుగుడుగా తాళ్లను వెనకవైపు తాత్కాలికంగా ఒకచోట పట్టి ఉంచే ఏర్పాటు చేస్తారు. ఒక్క సౌకర్యం తీసేస్తే దాని వెనక మరో జాగ్రత్త రావాలన్నమాట!

మడతలోనే ప్రాణం

గొడుగు మడవడం దూకడం కన్నా పెద్ద పని. దూకడం సెకన్లలో అయిపోతుంది, మడవడానికి అరగంట నుంచి గంట పైన పడుతుంది. గుడ్డ కుడి ఎడమలు సమంగా రావాలి. తాళ్లు మెలిపడకూడదు. ఒక పక్క మడత ఎక్కువైతే గొడుగు ఆ పక్కకు తిరిగి తెరుచుకోవచ్చు. గీత కార్మికుడు చెట్టెక్కే ముందు తన మోకును తానే ముడి ముడీ తడిమి చూసుకుంటాడు కదా! ఇదీ అంతే.

అది అయ్యాక ఇంకొకరు చూస్తారు. కాళ్ల పట్టీలు బిగించాడా? పిన్నులు సరిగా ఉన్నాయా? పట్టీ చేతి కింద నుంచి పోయిందా, పైకి చిక్కుకుందా? దూకేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా పక్కవాడి చేత చూపించుకోవడం నామోషీ కాదు.

అసలు ఈ ఆటకు రావడానికే అర్హత కావాలి. విమానం నుంచి దాదాపు 200 సార్లు దూకి, గొడుగును చెప్పినచోట దించడం వచ్చినవారినే చాలామంది గురువులు శిష్యులుగా తీసుకుంటారు. తొలి పాఠం సాధారణంగా వంతెన మీదే. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ వద్ద స్నేక్ నది మీద పెరీన్ వంతెన ఉంది. ఎత్తు 486 అడుగులు, ఇంచుమించు మన శ్రీశైలం డ్యామంత. ఏడాది పొడవునా ప్రత్యేక అనుమతి లేకుండా దూకనిచ్చే చోటు కావడంతో కొత్తవారు అక్కడికే చేరుతారు. మొదటిసారి దూకేవాడి బుల్లి గొడుగును వెనక నిలబడ్డ మనిషి పట్టుకుంటాడు. శిష్యుడు పడుతుంటే ఆ పట్టుతోనే సంచి తెరుచుకుంటుంది. అప్పుడు అతని ప్రాణం నిజంగానే ఇంకొకరి చేతిలో ఉంటుంది.

రాతిగోడే శత్రువు

కొత్తవారికి వంతెన ఎందుకంటే దాని కింద ఖాళీయే. గొడుగు ఎటు తిరిగి తెరుచుకున్నా ఢీకొనడానికి పెద్దగా ఏమీ ఉండదు. కొండచరియ అలా కాదు. వీపు వెనకే రాతిగోడ. గొడుగు వెనక్కి తిరిగి తెరుచుకుందో, మనిషిని నేరుగా గోడకేసి ఈడుస్తుంది. భుజాల మీది పట్టీలను ఆ క్షణానే గుంజి గొడుగును తిప్పుకోవాలి. ఆలోచించే వ్యవధి ఉండదు. చేతులకు అలవాటై ఉండాలి.

ఇటీవలి సంవత్సరాల్లో వింగ్‌సూట్ వచ్చింది. చేతుల కింద, కాళ్ల మధ్య గుడ్డ రెక్కలున్న దుస్తులు. గబ్బిలంలా కొండ వెంబడి ఎగరవచ్చు. కానీ రాతికి ఎంత దగ్గరగా పోతే అంత గొప్ప అనే పోటీ అందులో చొరబడింది. 2015 మే 16న యోసెమిటీలో పేరుమోసిన పర్వతారోహకుడు డీన్ పాటర్, సహచరుడు గ్రాహం హంట్ ఇలాగే ఎగురుతూ కొండను ఢీకొని మరణించారు.

రైతు గడ్డికీ లెక్కుంది

స్విట్జర్లాండులోని లౌటర్‌బ్రునెన్ లోయ ఈ ఆటకు ప్రసిద్ధి. రెండు పక్కలా నిటారు కొండలు, మధ్య పచ్చిక బయళ్లు. ఆ పచ్చిక రైతులది. పశువుల మేతకు పెంచుకునేది. దూకినవాళ్లు దిగేది దాని మీదే! ఏపుగా పెరిగిన గడ్డిని తొక్కితే కోతకు రాదు. అందుకని దూకేవారి సంఘం ఒక కార్డు పెట్టింది. వచ్చినవారు రుసుము కట్టి అది తీసుకోవాలి. ఆ సొమ్ములోంచి రైతులకు పరిహారం ముడుతుంది. పొడుగు గడ్డిలో దిగకూడదని, కోసిన పొలంలోనే దిగాలని కట్టుబాటు. లోయలో హెలికాప్టర్లు తిరుగుతుంటాయి కనుక దూకే ముందు వాళ్లకు ఫోను చేసి దారి ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాలి.

కొత్త ఊరికి పోయినవాడు అక్కడ పాతకాపులను అడగకుండా దూకడం తప్పు. ఒకడి అజాగ్రత్త వల్ల ఊరివాళ్లకు కోపం వస్తే ఆ చోటు అందరికీ మూతపడుతుంది. ఎల్ కాపిటాన్ విషయంలో జరిగింది ఇటువంటిదే. 1980లో కొద్దికాలం అనుమతులిచ్చి చూశారు. నిబంధనలు పాటించని కొందరి వల్ల అధికారులకు విసుగొచ్చి, ఆ ఏడాదే ఆపేశారు.

అరువు సంచి

ఆ నిషేధం మరో విషాదానికి దారితీసింది. 1999 అక్టోబరు 22న ఎల్ కాపిటాన్ నుంచి దూకడం ప్రమాదం కాదని చాటడానికి ఐదుగురు నిరసనగా దూకబోయారు. అధికారులకు, పత్రికలవారికి ముందే చెప్పారు. దిగగానే అరెస్టు చేసి సామగ్రి జప్తు చేస్తారని తెలుసు. జాన్ డేవిస్ అనే అనుభవజ్ఞురాలు తన మంచి సంచి పోగొట్టుకోవడం ఇష్టం లేక అరువు సంచితో వచ్చింది. ఆమె సొంత సంచికి బుల్లి గొడుగు వీపు వైపు ఉంటుంది. దీనికి కాలి దగ్గర ఉంది. ముందు దూకిన ముగ్గురు క్షేమంగా దిగారు. నాలుగో వంతు ఆమెది. గొడుగు తెరుచుకోలేదు. కింద నుంచి ఫిల్ము తీస్తున్న ఆమె భర్త కళ్లెదుటే ఆ ఘోరం జరిగింది.

కొండ మారలేదు, గాలి మారలేదు, మనిషికి అనుభవం లేక కాదు. మారింది చెయ్యి అలవాటు పడిన చోటు ఒక్కటే. సామగ్రి కొత్తదా పాతదా అన్నది తర్వాతి మాట. కళ్లు మూసుకున్నా చెయ్యి అక్కడికే పోతుందా అన్నది ముందు మాట.

లెక్కలు చెప్పే నిజం

ఈ ఆట ఎంత ప్రమాదకరం? ఊహాగానాలు అక్కర్లేదు. నార్వేలో లీసె ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ మీద షెరాగ్ కొండ ఉంది. ఎత్తు వెయ్యి మీటర్ల లోపు. అక్కడి సంఘం ప్రతి దూకుడునూ నమోదు చేస్తుంది. ఆ లెక్కలను వైద్యులు పరిశీలించి 2007లో ప్రచురించారు. 1995 నుంచి 2005 వరకు పదకొండేళ్లలో 20,850 సార్లు దూకారు. తొమ్మిది మంది చనిపోయారు. అంటే 2,317 సార్లకు ఒక ప్రాణం. ప్రాణం పోని ప్రమాదాలు 82, అంటే 254 సార్లకు ఒకటి. విమానం నుంచి దూకడం కన్నా ఇది అయిదు నుంచి ఎనిమిది రెట్లు ప్రమాదకరమని తేల్చారు.

దూకేవాళ్లే రాసుకుంటున్న మరో పుస్తకం ఉంది. అది మరణాల జాబితా. 1981 నుంచి పోయినవారి వివరాలు వరుసగా రాస్తూ వస్తున్నారు. సంఖ్య నాలుగు వందలు దాటింది. ఎక్కడ దూకాడు, ఏ సామగ్రి వాడాడు, గాలి ఎలా ఉంది, ఏ పొరపాటు జరిగింది అన్నీ అందులో ఉంటాయి. ప్రాణమిత్రుడి తప్పును కూడా దాచరు. దాస్తే రేపు మరొకడు అదే తప్పు చేస్తాడని. నేర్చుకోవడానికి వచ్చిన కొత్తవాడికి చాలామంది గురువులు చెప్పే మొదటి పని, ఆ జాబితా మొదటి నుంచి చివరి దాకా చదవమని!

నలభై ఏళ్ల తర్వాత

మళ్లీ బ్రిడ్జ్ డే దగ్గరికి వద్దాం. వంతెన మధ్యలో అంచు దాటి చిన్న వేదిక కడతారు. వరుసలో ఒక్కొక్కరే దాని మీదికి వస్తారు. కింద దిగాల్సిన చోటు ఇరుకు. పక్కనే చెట్లు, రాళ్లు, రైలు పట్టాలు. గురి తప్పితే నదిలో పడాల్సిందే. అందుకు పడవలు సిద్ధంగా తిరుగుతుంటాయి. తడిసిన గొడుగు బరువుకు మనిషి మునిగిపోకుండా క్షణాల్లో లాగేస్తారు. దిగినవారిని బస్సుల్లో మళ్లీ పైకి చేరుస్తారు. వాళ్లు అప్పుడే తడి గొడుగు ఆరబెట్టుకుని రెండోసారికి మడతలు మొదలెడతారు.

2006 అక్టోబరు 21న ఆ వేదిక మీదికి ఒక పెద్దమనిషి వచ్చాడు. వయసు 66. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. పేరు బ్రయన్ షూబర్ట్. అవును, 1966లో ఎల్ కాపిటాన్ నుంచి దూకి కాళ్లు విరిగినా బతికిన ఆ షూబర్టే. ఈ ఆట ఆడేవాళ్లందరికీ తాతలాంటివాడు. నలభై ఏళ్ల నాటి గుండ్రటి గొడుగు కాదిప్పుడు. ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠాలతో కుట్టిన గొడుగు వీపు మీద ఉంది. ఆయన దూకాడు. గొడుగు చాలా ఆలస్యంగా, నీటికి దగ్గరయ్యాక తెరుచుకోసాగింది. వేలాది మంది చూస్తుండగా నదిలో పడి మరణించాడు. బ్రిడ్జ్ డేలో అలా పోయినవారిలో ఆయన మూడోవాడు.

చెడ్డ సామగ్రితో బతికిన మనిషి మంచి సామగ్రితో పోయాడు. దీన్ని విధి అనేవారు విధి అంటారు. ఆ ఆటగాళ్లు మాత్రం ఆ పేరును కూడా జాబితాలో రాసుకున్నారు, కొత్తవాళ్లు చదవడానికి. గొడుగు ఎంత మంచిదైనా దాన్ని ఎప్పుడు విప్పాలో చెప్పేది మనిషి చెయ్యే. నాలుగు సెకన్లు ఆగితే దాదాపు 250 అడుగులు పడతాం. మరో సెకను ఆగితే ఆ సెకనులోనే ఇంకో 130 అడుగుల పైన పోతాయి. చివరి సెకన్లు మొదటి సెకన్ల వంటివి కావు.

అందుకే ఆ లోకంలో ఒక మర్యాద పాటిస్తారు. అంచు దాకా వెళ్లి, గాలి నచ్చకో, మనసు ఒప్పకో, సంచి భుజాన వేసుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచి వచ్చినవాణ్ణి ఎవరూ ఎగతాళి చేయరు. ఎందుకు రాలేదని అడగరు. కొండ రేపూ అక్కడే ఉంటుంది. ఆ రేపటికి మనిషి ఉండాలి కదా!